గుర్నా గ్రామము: చల్లని ఇండ్లు, రాని జనము

ఈజిప్టు దేశమున నైలు నదికి పడమటి ఒడ్డున, లక్సర్ పట్టణమునకు ఎదురుగా, ప్రభుత్వము తన ఖజానానుండి సొమ్ము వెచ్చించి ఒక క్రొత్త గ్రామమును కట్టించెను. ఇండ్లన్నియు పచ్చి ఇటుకలతో కట్టినవే. కప్పులకు దూలములు లేవు, ఇనుము లేదు, సిమెంటు లేదు. వేసవి పగటివేళ లోపల చల్లగా నుండును. చలికాలపు రాత్రి వెచ్చగా నుండును. మసీదు, బడులు, అంగడి, నాటకశాల కూడ కట్టిరి. ఎవరికొరకు ఇంత చేసిరో ఆ జనులు మాత్రము రాలేదు.

ఆ గ్రామమును నిర్మించిన వాస్తుశిల్పి హసన్ ఫతీ (1900-1989). తన యనుభవమును ఆయన ఒక గ్రంథముగా వ్రాసెను. 1969లో కైరోలో సంస్కృతి మంత్రిత్వశాఖవారు దానిని 'గుర్నా: రెండు పల్లెల కథ' అను పేరున కొద్ది ప్రతులు మాత్రము అచ్చు వేసిరి. మరుసటి సంవత్సరము ఫ్రెంచిలో వచ్చినప్పుడు దాని పేరు 'ప్రజలతో కలిసి కట్టుట'. 1973లో షికాగో విశ్వవిద్యాలయమువారు ప్రకటించినప్పుడు పేరు 'బీదలకొరకు వాస్తుశిల్పము' అని మారెను. లోకములో ఈ చివరి పేరే నిలిచినది. 'తో' అను చోట 'కొరకు' వచ్చి చేరుట చిన్న మార్పువలె కనబడును. కాని గుర్నాలో జరిగినదంతయు ఈ రెండు విభక్తుల నడుమనే యున్నదని గ్రంథము ముగించునప్పటికి తోచును.

మన దేశములో బీదలకు ప్రభుత్వము ఇండ్లు కట్టించుట నేడు పెద్ద కార్యక్రమము. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణములందు 2015లోను, గ్రామములందు 2016లోను మొదలయ్యెను. ఇన్ని లక్షల ఇండ్లు లేచుచున్నప్పుడు ఆ ఇంటిలో వైశాఖమాసపు మధ్యాహ్నము ఎట్లుండునని అడుగువారు అరుదు. ఈ ప్రశ్నను ఎనుబది సంవత్సరముల క్రిందటనే ఒకడు ప్రభుత్వోద్యోగములో నుండి అడిగెను. కావున గ్రంథము పాతదైనను విమర్శకు తగియున్నది.

మొదట కథ. పాత గుర్నా ఒక కొండవాలున నుండెను. ఆ కొండ కడుపునిండ ప్రాచీన కాలపు ప్రభువుల సమాధులు. ఇండ్ల క్రింద సమాధులు, సమాధులను ఆనుకొని ఇండ్లు. సుమారు ఏడువేలమంది అక్కడ నివసించుచుండిరి. వారిలో అనేకులు సమాధులను త్రవ్వి దొరికిన వస్తువులను అమ్ముకొని బ్రతుకుచున్నారని పురావస్తుశాఖవారి ఆరోపణ. ఒక సమాధి గోడమీది చెక్కడమును ఎవరో కోసి పట్టుకొనిపోగా గగ్గోలు పుట్టెను. ఊరినే అక్కడనుండి లేపి వేరొక చోట పెట్టుటకు ప్రభుత్వము నిశ్చయించెను. పొలముల నడుమ 50 ఎకరముల నేల సేకరించి 1945లో ఫతీని పిలిచిరి.

ఆయననే ఏల పిలువవలెను? ఆయన కట్టు ఇల్లు చవుక యని పేరు వచ్చియుండుటచేత. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఈజిప్టునకు విదేశములనుండి కలప, ఇనుము వచ్చుట నిలిచెను. పచ్చి ఇటుకతో గోడలు ఎవరైనను కట్టగలరు. కప్పు మాటయే కష్టము. ఇటుకలతో కమాను కప్పు వేయవలెనన్న క్రింద కలపతో సెంటరింగు కావలెను. కలపయే లేనప్పుడు సెంటరింగు ఎక్కడిది? అది లేకయే కట్టచూచి ఫతీ మొదట భంగపడెను, కప్పులు కూలిపోయినవి. దక్షిణమున అస్వాన్ ప్రాంతపు నూబియా జనులు ఏ ఆధారము లేకయే కప్పులు వేయుచున్నారని ఆయన అన్న చెప్పగా, 1941లో ఆయన అక్కడికి పోయి చూచెను. గ్రంథములో మిక్కిలి రసవంతమైన భాగము ఇదియే. పాఠశాలలలో విజ్ఞానశాస్త్రము చెప్పు ఉపాధ్యాయులు ఈ భాగమును తప్పక చదువవలెను.

నూబియా మేస్త్రీ గది వెనుకగోడను తక్కిన గోడలకంటె ఎత్తుగా లేపును. ఆ గోడమీద తడిమట్టి మెత్తి, దానిపై కంటిచూపుతోనే ఒక వంపురేఖ గీయును. కొలబద్ద లేదు, త్రాడు లేదు. ఆ రేఖవెంబడి మొదటి వరుస ఇటుకలను నిటారుగా కాక వెనుకకు వాల్చి, గోడకు ఆనించి పేర్చును. రెండవ వరుస మొదటి వరుసమీదికి వాలును, మూడవది రెండవదానిమీదికి. కప్పునకు వాడు ఇటుక గోడ ఇటుకవంటిది కాదు. పలుచన, గడ్డి ఎక్కువ కలిపినందున తేలిక, తడిగా నున్నప్పుడే వ్రేళ్ళతో దానిమీద గాళ్ళు గీయుదురు. ఆ గాళ్ళవలన అడుసు గట్టిగా పట్టుకొని ఇటుక జారదు. అటునిటు పేర్చుకొని వచ్చి వరుస మధ్యను కలియునప్పటికి అది పూర్తి కమాను అగును. ఇక తన బరువును తానే మోసికొనును. ఆ తరువాతి వరుసకు అదియే ఆధారము.

మట్టికి నొక్కుడును ఓర్చుకొను శక్తి కొంత కలదు, లాగుడును ఓర్చు శక్తి దాదాపు లేదు. బల్లపరుపు కప్పు బరువునకు వంగినప్పుడు దాని అడుగుభాగమున లాగుడు పుట్టును. అందుచేతనే కాంక్రీటు కప్పులో అడుగువైపున ఇనుపచువ్వలు పెట్టుదురు. ఒక గొలుసును రెండు కొనలు పట్టి వ్రేలాడదీసిన అది ఒక వంపు తీసికొనును. అందులో ఉన్నది లాగుడు మాత్రమే. ఆ వంపును తలక్రిందులు చేసిన అందులో నుండునది నొక్కుడు మాత్రమే. మేస్త్రీ మట్టిలో గీసిన రేఖ దాదాపు ఈ వంపే. తరగతిలో ఒక గొలుసు, నల్లబల్ల ఉన్నచో పది నిముషములలో ఈ సంగతి చూపవచ్చును. గుర్నాకు కూతవేటు దూరమున రామేసియం ఆలయపు ధాన్యపు కొట్లు ఇట్టి పచ్చి ఇటుక కమానులతోనే కట్టబడి, మూడువేల సంవత్సరములు దాటినను కొన్ని నేటికిని నిలిచియున్నవి. వాన లేని దేశమగుటయు దానికి కారణమని మనము జ్ఞాపకముంచుకొనవలెను. ఫతీ ఈ మాటను తగినంత గట్టిగా చెప్పలేదు.

ఇక ఉష్ణము సంగతి. ఈ విషయమును ఆయన 1986లో వెలువడిన మరియొక గ్రంథములో వివరించెను. 1964లో కైరోలోని కట్టడ పరిశోధన కేంద్రపు ఆవరణలో కొన్ని నమూనా గదులు కట్టి పరీక్షించిరి. అందు రెండింటిని చూతము. ఒకదానికి పచ్చి ఇటుకతో 50 సెంటీమీటర్ల మందపు గోడలు, కమాను, గుమ్మటపు కప్పు. మరొకదానికి ముందుగా పోతపోసిన కాంక్రీటు పలకలు, మందము 10 సెంటీమీటర్లు. మార్చి నెలలో ఒకరోజు పొడుగున కొలిచిరి. మట్టిగదిలో గాలి ఉష్ణోగ్రత 21, 23 సెంటిగ్రేడు డిగ్రీల నడుమనే యుండెను. కాంక్రీటు గదిలో 36 డిగ్రీలవరకు పోయెను. అనగా మట్టిగదికంటె 13 డిగ్రీలు, వెలుపలి గాలికంటె 9 డిగ్రీలు ఎక్కువ.

నీడలో ఉన్న గది బయటి గాలికంటె వేడెక్కుట విద్యార్థులకు వింతగా తోచవచ్చును. ఎండ తగులు కప్పు పైభాగము గాలికంటె ఎంతో ఎక్కువగా కాగును. కప్పు పలుచన అయినచో ఆ వేడి త్వరగా అడుగునకు దిగి, అక్కడనుండి వికిరణముగా మంచముమీద పడుకొన్నవాని వీపుమీద పడును. మన ఊళ్ళలో క్రొత్తగా స్లాబు ఇంటిలోనికి మారినవారు వేసవి రాత్రి ఆరుబయట పడుకొనుటకు కారణమిదియే. పగలు ఎక్కిన వేడి రాత్రి వారిమీదికి దిగుచుండును.

ఈ ప్రయోగమును తరువాతి రచయితలు ఎందరో ఉదహరించిరి. మట్టి చల్లన, సిమెంటు వేడి అని దానినుండి తేల్చిరి. కాని విజ్ఞానశాస్త్రము చదువుకొనువాడు ఇక్కడ ఆగి ఒక ప్రశ్న వేయవలెను. రెండు గదులకు భేదము పదార్థములోనే కాదు. మందములోను కలదు, కప్పు ఆకారములోను కలదు. మూడు భేదములు ఒక్కసారి పెట్టి ఫలితమును ఒక్కదానికే అంటగట్టరాదు.

లెక్క కట్టి చూతము. వెలుపలి ఉష్ణోగ్రత ఇరువదినాలుగు గంటల కొకమారు పెరిగి తరుగుచుండును. ఈ హెచ్చుతగ్గు గోడలో ఒక అలవలె లోనికి ప్రయాణించును. పోవుకొలది చిన్నదగును, ఆలస్యమగును. మట్టి ఇటుకకు ఉష్ణవాహకత కాంక్రీటులో సుమారు సగము. విశిష్టోష్ణము మాత్రము రెండింటికి దాదాపు సమానమే, నీటి విశిష్టోష్ణములో అయిదవ వంతునకు దగ్గర. ఈ విలువలతో గుణించిన, 10 సెంటీమీటర్ల కాంక్రీటును దాటునప్పటికి అల సుమారు సగము మిగులును, మూడు గంటలలోపలనే చేరును. 50 సెంటీమీటర్ల మట్టిని దాటునప్పటికి నూటికి ఒకటి రెండు పాళ్ళు మిగులును. చేరుటకు సుమారు పదునారు గంటలు పట్టును. అనగా మధ్యాహ్నపు వేడి లోనికి తొంగిచూచునప్పటికి మరునాటి వేకువ అగును, అప్పటికి అది లెక్కకు రానంత స్వల్పము. మరి కాంక్రీటునే 50 సెంటీమీటర్ల మందము పోసినయెడల? అప్పుడు అల నూటికి మూడు పాళ్ళలోపే మిగులును. పేరు మట్టిదైనను పని చేసినదానిలో పెద్దభాగము మందము. ఈ సంగతి ఫతీ అభిమానులకు రుచింపకపోవచ్చును, కాని సూత్రము వారి పక్షమున లేదు.

అట్లని ప్రయోగము వ్యర్థము కాదు. బీదవాడు 50 సెంటీమీటర్ల కాంక్రీటు ఎక్కడ కొనగలడు? తన పొలములోని మట్టిని అంత మందమున పేర్చుకొనగలడు. ఒక రూపాయికి ఎంత మందము వచ్చును అని ప్రశ్నను తిరుగవేసినచో ఫతీ గెలిచినట్లే. ఆయన ఈ విధముగా ప్రశ్నను పెట్టలేదు. పెట్టియున్నచో ఆయన వాదము మరింత బలముగా నుండెడిది.

గుర్నా పాఠశాలలో గాలిని చల్లబరచిన యుక్తి యొకటి ప్రత్యేకముగా చెప్పుకొనదగినది. కప్పుమీదికి లేచిన పొగగొట్టమువంటి బురుజు; దాని నోరు గాలి వచ్చు దిక్కునకు తెరచియుండును. అరబ్బీలో దీనిని మల్కఫ్ అందురు. నేలకు దగ్గర వీచు గాలిలో దుమ్ము, వేడి ఎక్కువ. ఎత్తున వీచు గాలిలో తక్కువ. ఆ గాలిని పట్టి క్రిందికి దింపు దారిలో బొగ్గు నింపిన లోహపు పళ్ళెములను ఏటవాలుగా పెట్టి, వానిపై నీరు తడిపిరి. నీరు ఆవిరియగుటకు కావలసిన ఉష్ణమును గాలినుండియే తీసికొనును. తరగతిగదిలో ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గినదని ఫతీ వ్రాసెను. విద్యుత్తు ఖర్చు లేదు. మన ఇండ్లలో కిటికీలకు వట్టివేళ్ళ తడకలు కట్టి నీళ్ళు చల్లుటలోని సూత్రమే ఇది. గాలి పొడిగా నున్నచోట మాత్రమే పనిచేయును. లక్సరులో పనిచేసినది కాకినాడలో పనిచేయదు.

ఖర్చు విషయమున ఫతీ చెప్పినది నేటికిని ఆలోచింపదగినది. గుర్నాకు ముందు, వరద నాశనము చేసిన ఎజ్బెత్ అల్ బస్రీ అను చిన్న పల్లెలో ఆయన 164 ఈజిప్టు పౌనులకు ఒక ఇల్లు కట్టి చూపెను. గుత్తదారుచేత కట్టించు ఇల్లు ఎంత చౌకయైనను బీదరైతునకు అందదని ఆయన వాదము. రైతువద్ద నగదు లేదు. మట్టి కలదు, చేతులు కలవు, తీరిక మాసములు కలవు. కావున ప్రభుత్వధనమును ఇండ్లకు కాక, ఇల్లు కట్టు విద్యకు వెచ్చింపవలెను. మేస్త్రీలను తయారుచేయవలెను, నీరు, బడి, దారి వంటి, రైతు తాను చేసికొనలేనివాటిని ప్రభుత్వము ఇయ్యవలెను. కుఱ్ఱవారికి మెట్టుమెట్టుగా తాపీపని నేర్పు క్రమమును ఆయన వివరముగా వ్రాసెను. ఇది మంచి అర్థశాస్త్రమే. కాని గుర్నాలో ఈ పద్ధతి నడువనే లేదు. అక్కడ పనివారికి ప్రభుత్వము కూలి యిచ్చెను. తన యింటిని తాను కట్టుకొనువాడు ఒక్కడును అక్కడ లేడు. ప్రయోగము జరుగకుండనే ఫలితమును మనకు చూపినట్లయినది.

కార్యాలయములతో ఆయన పడిన పాట్లు గ్రంథములో చాల పుటలు ఆక్రమించినవి. చిల్లర సామగ్రికి సైతము కాగితములు ఒక బల్లనుండి మరియొక బల్లకు తిరుగుచుండగా పనికాలము గడచిపోయెడిది. మూడు పనికాలముల తరువాత 1948లో పని ఆగిపోయెను. తలపెట్టిన గ్రామములో చిన్నభాగము మాత్రమే పూర్తియయ్యెను. ఈ భాగము చదువునప్పుడు నవ్వు వచ్చును, జాలియు కలుగును. అయినను కొంత విసుగు పుట్టకమానదు. దోషమంతయు గుమాస్తాలది, గ్రామస్థులది. వాస్తుశిల్పిది మాత్రము కాదు అన్న ధోరణి గ్రంథము పొడుగున వినబడును.

గ్రామస్థులు నిజముగా ఎదురుతిరిగిరి. వరదకాలమున ఒకనాటి రాత్రి కట్టను తెగగొట్టి క్రొత్త గ్రామమును ముంచివేయజూచిరి. ఏల? సమాధుల దొంగతనపు ఆదాయము పోవునని ఫతీ సమాధానము. ఈ సమాధానము మరీ సులువుగా నున్నది. తిమోతీ మిచెల్ అను రాజనీతి శాస్త్రజ్ఞుడు 2002లో ప్రకటించిన గ్రంథములో ఈ కథను తిరిగి పరిశీలించి, ఆ జనులను కేవలము దొంగలుగాను, ఏమియు తెలియని పామరులుగాను చిత్రించుటను ప్రశ్నించెను. కొండనీడన పర్యాటకులు వచ్చుచోట నుండుట వారికి జీవనాధారము. అక్కడనుండి పొలముల నడుమకు పొమ్మన్నప్పుడు పొలము ఇచ్చెదమని ఎవరును చెప్పలేదు. ఇల్లు ఎంత చల్లనిదైనను పొట్టకు కూడు పెట్టదు కదా. పైగా ఆ ప్రాంతమున గుమ్మటము మహనీయుల గోరీలమీద కనబడునది; మన ఊరిలో ఎవరికైనను సమాధివంటి ఇల్లు కట్టి ఇచ్చినచో పట్టుమని పదిదినములు ఉండుదురా?

ఫతీ గ్రామస్థులను అసలు తలపలేదని అనుట అన్యాయమగును. ఇండ్లను సైనికులవలె వరుసలు తీర్చక, ఒక్కొక్క బంధువర్గమునకు ఒక్కొక్క చౌకము చుట్టు ఇండ్లు అమర్చెను. ప్రతి కుటుంబము అవసరమును విచారించి ఇంటి పటము గీయవలెనని ఆయన పట్టుదల. నత్తల మూలమున వ్యాపించు బిల్హార్జియా రోగము కాలువలలో స్నానము చేయు పిల్లలకు అంటుకొనుచుండగా, ఇటుకమట్టి త్రవ్విన గుంటనే శుభ్రమైన చెరువుగా మార్చి పిల్లలకు ఈదులాట చోటు చేయ దలచెను. ఒక ఊరిని బాగుచేయుట యన్నది ఇండ్ల లెక్కతో తీరదని ఇంత విశదముగా తెలిసినవారు ఆనాడు తక్కువ. కాని అదే ఫతీ, ఊరి నీటిపంపువద్దకు ఆడుపిల్లలు కుండలతో వచ్చుటను గూర్చి వ్రాయుచు, వరులు వధువులను చూచుకొనుటకు అది తావు అని మురిసిపోయెను. నెత్తిమీద బిందె బరువు మోయువారి మాట ఆయన అడిగినట్లు కనబడదు. అందమును చూచు కన్నొకటి, శ్రమను చూచు కన్నొకటి. ఆయనకు మొదటిదే ఎక్కువ చురుకు.

తరువాతి చరిత్ర మరింత పాఠము చెప్పును. 1970లో అస్వాన్ ఎత్తైన ఆనకట్ట పూర్తియయ్యెను. నైలు వరదలు ఆగినవి. పొలములకు ఏడాది పొడుగున నీరు పారి భూగర్భజలము పైకి వచ్చెను. ఆ నీటితో ఉప్పు గోడలలోనికి ఎక్కి, ఇటుక పొడిపొడిగా రాలెను. ఆనకట్టతో క్రొత్త ఒండ్రు వచ్చుట కూడ నిలిచినందున పొలపుమట్టి తరుగని సొత్తు కాదని తేలెను. సాగుభూమి పైమట్టిని గీకి ఇటుకలు చేయుటను ఈజిప్టు ప్రభుత్వము 1980 దశకములో నిషేధించెను. మట్టి ఊరకనే వచ్చునన్న ఫతీ లెక్కకు పునాది ఆ విధముగా కదలిపోయెను. క్రొత్త గుర్నాలో క్రమముగా వచ్చి చేరిన కుటుంబములు పాత ఇండ్లను పడగొట్టి కాల్చిన ఇటుకతోను, కాంక్రీటుతోను అంతస్తులు లేపిరి. ప్రపంచ స్మారక నిధి 2010లో ఆ గ్రామమును ఆపదలోనున్న కట్టడముల జాబితాలో చేర్చెను. యునెస్కో సాయముతో మసీదు మొదలగు కొన్ని కట్టడములు బాగుపడినవి. ఇక కొండమీది పాత గుర్నా? 2006 డిసెంబరునుండి ప్రభుత్వమే దానిని యంత్రములతో కూల్చి, జనులను వేరొక కాలనీకి తరలించెను. ఆ కాలనీ ఇండ్లు మట్టివి కావు, ఒక్కొక్క కుటుంబమును విచారించి గీసినవియు కావు.

ఇక మన వైపు చూతము. రాయలసీమలో మట్టిమిద్దెలు ఉండెడివి, కొన్ని నేటికిని కలవు. రాతిగోడలు, లేదా మట్టిగోడలు. కప్పుమీద కఱ్ఱలు పరచి, మట్టి త్రొక్కి, పైన చవుడు వేసెదరు. చవుడు నీటిని లోనికి దిగనీయదు. ఏటేట వానకు ముందు మరల వేయవలెను. మందమైన ఈ కప్పు చేయు పని గుర్నా కమాను చేయు పనియే. అనంతపురము, కర్నూలు, మహబూబునగరు వంటి పొడిప్రాంతములలో పగటికి రాత్రికి ఉష్ణోగ్రతలో భేదము ఎక్కువగుటచే మందపు గోడ బాగుగా పనిచేయును. కోస్తాలో ఉక్క ఎక్కువ, రాత్రియు అంతగా చల్లబడదు. అక్కడ మందముకంటె ఎదురెదురు కిటికీలు, వెడల్పు వసారా, ఎత్తైన పెంకుటికప్పు ముఖ్యములు. దివిసీమ 1977 నవంబరులో చూచినవంటి ఉప్పెన వచ్చు తీరమున పచ్చి ఇటుక ఇల్లు కట్టుమనువాడు వాస్తుశిల్పి కాడు, శత్రువు. కావున ఒకే నమూనా ఇంటిని రాష్ట్రమంతట కట్టుట కాంక్రీటుతో చేసినను తప్పే, మట్టితో చేసినను తప్పే.

మన ప్రభుత్వములు ఈ విషయమును పూర్తిగా విడిచిపెట్టినవనుట సరికాదు. కేంద్ర విద్యుత్ శాఖ 2018లో నివాసగృహములకు 'ఎకో నివాస్ సంహిత' అను ప్రమాణమును ప్రకటించెను. దాని ప్రకారము కప్పునకు లోపలికి, వెలుపలికి ఒక డిగ్రీ భేదమున్నప్పుడు చదరపు మీటరుగుండ 1.2 వాట్లకు మించి ఉష్ణము పోరాదు. ఏ పూతయు, పొరయు లేని 10 సెంటీమీటర్ల కాంక్రీటు కప్పుగుండ దీనికి ఇంచుమించు మూడు రెట్లు పోవును. ప్రమాణము మంచిదే. కాని అది 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలములలో కట్టు భవనములకు వర్తించును. ఒక సెంటు అనగా సుమారు 40 చదరపు మీటర్లు. సెంటు, రెండు సెంట్ల స్థలములో, 25 చదరపు మీటర్ల ఇంటిలో ఉండువానికి ఈ సంహిత రక్షణ లేదు. చల్లని యంత్రము కొనుక్కొనగల వానికి నియమము, ఫంకా మాత్రమే గలవానికి నియమము లేదు. తెలంగాణ ప్రభుత్వము 2023లో ప్రకటించిన చల్లని కప్పుల విధానము ఈ లోటును కొంత పూడ్చదగినది. కప్పుమీద తెల్లని పూత వేసినచో ఎండలో పెద్దభాగము వెనుకకు మరలిపోవును. సున్నము వేసికొనుటకు బీదవానికి వాస్తుశిల్పి అక్కరలేదు.

ఫతీ తెచ్చిన విద్య మాత్రము గుర్నాలో ఆగిపోలేదు. బుర్కినా ఫాసో మొదలగు పశ్చిమ ఆఫ్రికా దేశములలో కలప కరవైనచోట, 2000లో స్థాపింపబడిన 'నూబియా కమాను' సంఘము ఆ ఊరి తాపీవారికే ఈ పని నేర్పి వేల ఇండ్లు వేయించెను. అక్కడ రైతు తాను డబ్బు పెట్టి, తాను మట్టి మోసి, తాను కోరి కట్టించుకొనుచున్నాడు. మన దేశములో పుదుచ్చేరి దగ్గరి ఆరోవిల్‌లో కొద్దిపాటి సిమెంటు కలిపి యంత్రముతో నొక్కిన మట్టి ఇటుకలతో ఇట్టి కప్పులు వేయుచున్నారు. సిమెంటు కలిపినందున వానకు తట్టుకొనును. శుద్ధమైన మట్టియే కావలెనని పట్టుపట్టువారికి ఇది అపచారముగా తోచును. వాన గల దేశములో ఉండువారికి తోచదు.

గ్రంథములో పటములు, ఛాయాచిత్రములు మిక్కిలి బాగున్నవి. గణితము రానివారు సైతము కమాను భాగమును పటములవలననే తెలిసికొనగలరు. ఒక పెద్ద లోటు మాత్రము చెప్పక తప్పదు. గుర్నా ఇండ్లలో జనులు కాపురముండి, వంట వండి, తలుపులు తీసి మూయుచున్నప్పుడు కొలిచిన ఉష్ణోగ్రతల పట్టిక ఒక్కటియు ఇందు లేదు. కైరో గదులు కాపురములేని గదులు. ఉన్నత పాఠశాలలవారు తలచినచో ఈ పనిని తమ ఊరిలోనే చేయవచ్చును. ఒక మట్టిమిద్దె, ఒక పెంకుటిల్లు, ఒక స్లాబు ఇల్లు, సున్నము వేసిన మరియొక స్లాబు ఇల్లు. ఒక్కొక్కదానిలో మనిషి పడుకొను ఎత్తున ఒక ఉష్ణమాపకము, ఇంటివెలుపల నీడలో ఇంకొకటి. ఏప్రిల్, మే నెలలలో గంటకొకమారు, రాత్రి కూడ, వ్రాసికొనవలెను. గోడ మందము, కప్పు మందము, కిటికీల దిక్కు పట్టికలో వేరువేరు గడులలో నుండవలెను. ఆ యింటివారు ఆ రాత్రి ఎక్కడ పడుకొనిరో దానికి కూడ ఒక గడి కావలెను.